వరద తగ్గాక కృష్ణ ఒడ్డు పార్కుకు వెళ్లాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా శ్రావణం నుంచి కార్తీకం దాకా విజయవాడలో మా ఉదయపు నడక మిత్రులు అడిగేవి ఇవే. పోయినేడు అడిగినవారే ఈ ఏడూ అడుగుతారు, చెప్పినదే మళ్లీ చెబుతాను. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవనవసరం లేదు, మీ సందేహం దగ్గరికి నేరుగా వెళ్లండి.

## బయలుదేరే ముందు

వాన వెలిసి రెండు రోజులైంది, ఎండ కూడా కాస్తోంది. ఇక వెళ్లవచ్చు కదా?

విజయవాడలో ఎండ కాస్తే కృష్ణ తగ్గిందని అనుకోవద్దు. ఇక్కడ నది పెరగడానికి మన వాన అవసరం లేదు. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటుకుంటూ వచ్చే నీరు చాలు. దానికి తోడు పులిచింతలకు దిగువన మునేరు వచ్చి కలుస్తుంది. ఖమ్మం వైపు రాత్రి కుండపోతగా కురిస్తే ఆ నీటిని పట్టి ఆపేంత జలాశయం మధ్యలో లేదు. కాబట్టి ఆకాశం చూసి కాకుండా ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం ఎంత ఉందో తెలుసుకుని బయలుదేరండి. వరద రోజుల్లో ఆ అంకె వార్తల్లో పూటపూటకూ వస్తుంది.

పేపర్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు అని రాస్తారు. ఎంత ఉంటే వెళ్లకూడదు?

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు, అంటే సుమారు 28 లీటర్లు. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండో హెచ్చరిక జారీ చేస్తారు. 2009 అక్టోబరులో ఇది 11.10 లక్షలు దాటింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలకు చేరి బ్యారేజీ చరిత్రలోనే అత్యధికమైంది.

నేను పెట్టుకున్న నియమం చెబుతాను. మొదటి హెచ్చరిక ఉన్నన్నాళ్లూ ఒడ్డు పార్కుల జోలికి వెళ్లను. దాన్ని ఎత్తివేశాక కూడా రెండు మూడు రోజులు ఆగుతాను. అంకెతో పాటు అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదీ చూడాలి. తగ్గుముఖం పట్టిన రెండు లక్షలకన్నా గంటగంటకూ పెరుగుతున్న లక్షకే నేను ఎక్కువ భయపడతాను.

సింగ్‌నగర్‌లోకి నీళ్లు వచ్చాయంటున్నారు. అంటే నది పార్కులూ మునిగినట్టేనా?

అలా అనుకోనవసరం లేదు. సింగ్‌నగర్ వైపు ముంచేది బుడమేరు. అది మైలవరం వైపు కొండల నుంచి వచ్చి కొల్లేరుకు పోయే వేరే ఏరు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నుంచి మళ్లింపు కాలువ ద్వారా కొంత నీటిని కృష్ణలోకి పంపుతారు. నది నిండుగా ఉంటే ఆ నీరు సులువుగా కలవదు, వెనక్కి తంతుంది. 2024లో రెండూ ఒకేసారి ఉప్పొంగడం వల్ల నగరం అంతగా అల్లాడింది. బుడమేరు పొంగి కృష్ణ ప్రశాంతంగా ఉండే రోజులూ ఉంటాయి. అలాంటప్పుడు పార్కు తెరిచే ఉండవచ్చు. అయితే సహాయక పడవలు, ట్రాక్టర్లు తిరిగే రోడ్లను షికారు వాహనాలతో నింపడం మాత్రం బాగుండదు.

దుర్గా ఘాట్ వైపు వెళ్లడానికీ పద్మావతి ఘాట్ వైపు వెళ్లడానికీ తేడా ఏమైనా ఉందా?

చాలా ఉంది. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవారు కూడా దాన్ని పట్టించుకోరు.

దుర్గా ఘాట్, పున్నమి ఘాట్, బెర్మ్ పార్కు, భవానీ ద్వీపం బ్యారేజీకి ఎగువన ఉన్నాయి. అక్కడ గేట్లతో సుమారు 12 అడుగుల మట్టం నిలిపి ఉంచుతారు కాబట్టి నీరు చెరువులా నిశ్చలంగా కనిపిస్తుంది. వరద రోజుల్లో ఆ నిశ్చలత్వాన్ని నమ్మరాదు. పైకి ముడత కూడా లేని నీరు అడుగున గేట్ల వైపు లాగుతూనే ఉంటుంది. 2024లో కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్‌వెయిట్లే (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి.

పద్మావతి ఘాట్, కృష్ణలంక, రామలింగేశ్వరనగర్ దిగువన ఉన్నాయి. ఏడాదిలో చాలా నెలలు అక్కడ కనిపించేది ఇసుకే. పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. బ్యారేజీ పట్టి ఉంచగలిగేది సుమారు మూడు టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). లక్ష క్యూసెక్కులు ఒక్కరోజు వస్తే చాలు, 8.64 టీఎంసీలు అవుతాయి. అంటే పైనుంచి వచ్చిన నీటిని వచ్చినట్టే కిందికి వదలక తప్పదు. ఉన్న 70 గేట్లలో కొన్నింటిని ఒక్క అడుగు ఎత్తినా దిగువ ఇసుకలో పొద్దున నడిచిన బాట మధ్యాహ్నానికి ఉండదు.

కృష్ణలంక రిటైనింగ్ వాల్ ఉంది కదా అంటారు. దాన్ని కట్టింది గోడకు ఇవతల ఉన్న ఇళ్ల కోసం. నది వైపు నిలబడినవారికి అది రక్షణ ఇవ్వదు.

పార్కులో కూర్చోవడానికి కాదు, వరద చూసి రావడానికే. అదీ తప్పేనా?

నిండు కృష్ణను చూడాలనుకోవడం తప్పు ఎలా అవుతుంది? గేట్లన్నీ ఎత్తినప్పుడు బ్యారేజీ దిగువన లేచే తుంపర చూస్తే నాకూ కదలబుద్ధి కాదు. కానీ కరకట్ట మీద, బ్యారేజీ మీద బండ్లు ఆపి గుమిగూడితే అంబులెన్సుకు దారి ఉండదు. అంచున నిలబడి సెల్ఫీ తీసుకునేవారి కాళ్ల కింద మట్టి ఎంత నానిందో ఎవరికీ తెలియదు. దర్శనానికి ఇంద్రకీలాద్రి ఎక్కినప్పుడు పైనుంచి బ్యారేజీ అంతా కనిపిస్తుంది. అక్కడి నుంచి చూడండి, ఫొటో కూడా బాగా వస్తుంది.

## గేటు దగ్గర

గేటుకు తాళం లేదు, కాపలా మనిషీ లేడు. తెరిచినట్టేనా?

కాదు. వరద తర్వాత పార్కు సిబ్బందిని తరచుగా ఇతర పనులకు పంపుతారు. తాళం వేయడానికి మనిషి లేకపోయి ఉండవచ్చు. లోపల ఊడ్చిన గుర్తులు, తొలగించిన కొమ్మల కుప్పలు, తిరుగుతున్న మనుషులు కనిపిస్తే తెరిచారని అనుకోవచ్చు. అడుగుపడని బురద పొర అలాగే ఉంటే వెనక్కి రండి. పక్కన టీ బండి ఉంటే ఆయన్ని అడగండి. నోటీసు బోర్డుకన్నా ఆయనే నయం.

భవానీ ద్వీపానికి పడవలు మళ్లీ మొదలయ్యాయట. పిల్లలతో వెళ్లవచ్చా?

పర్యాటక శాఖ పడవలు నిజంగా మొదలైతే వెళ్లవచ్చు. 133 ఎకరాల ఆ ద్వీపానికి పడవ తప్ప వేరే దారి లేదు. పెద్ద వరదల్లో అది నీట మునుగుతుంది. కాబట్టి పడవలు మొదలైన మొదటి వారంలో లోపల సగం బురదే ఉంటుంది. చిన్నపిల్లలున్నవారు ఇంకో వారం ఆగితే మంచిది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి, ఎంత తక్కువ దూరమైనా సరే. ‘అటు వైపు నుంచి మా పడవలో తీసుకెళ్తాం’ అని ఒడ్డున పిలిచేవారి వెంట వెళ్లకండి. 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు వరద కూడా లేదు.

ఏ చెప్పులు వేసుకోవాలి?

చెప్పులు కాదు, వేళ్లు కప్పే బూట్లు, అడుగున గాడులు అరగనివి. హవాయి చెప్పు బురదలో కూరుకుని తెగితే అక్కడి నుంచి వట్టికాళ్లతో నడవాలి. గాజు పెంకులు, మేకులు ఉండేది ఆ బురదలోనే.

## లోపలికి వెళ్లాక

దారి మీద మడమ లోతు నీళ్లే ఉన్నాయి. దాటేయవచ్చా?

నీరు నిలిచి ఉండి, అడుగున సిమెంటు కనిపిస్తుంటే దాటండి. మట్టి రంగులో ఉండి అడుగు కనిపించకపోతే వద్దు. వరదకు మ్యాన్‌హోల్ మూతలు లేచిపోతాయి, నడకదారి కింద మట్టి కోసుకుపోయి పైపలక ఒక్కటే మిగులుతుంది. పారుతున్న నీరైతే మడమ లోతును కూడా తేలిగ్గా తీసుకోకూడదు. జానెడు లోతు ఉండి వేగంగా పారే నీరు పెద్దవారినైనా పడగొట్టగలదు.

పచ్చిక మీద దుప్పటి పరుచుకుంటే ఏమవుతుంది? గడ్డే కదా?

గడ్డి వేళ్లకు కూడా గాలి కావాలి. నానిన మట్టిలో రేణువుల మధ్య ఉండాల్సిన గాలి స్థానంలో నీరు ఉంటుంది. దాని మీద పది మంది తిరిగితే మట్టి అణిగి గట్టిపడుతుంది, ఆరాక సిమెంటులా తయారవుతుంది. మరుసటి వాన ఇంకదు, అక్కడే మడుగు కడుతుంది. వరదను తట్టుకున్న పచ్చిక వరద తర్వాతి ఆదివారం జనం తాకిడికి చనిపోవడం నేను కళ్లారా చూశాను.

పరీక్ష సులువు. అంచున ఒక అడుగు వేసి చూడండి. అడుగు గుంటలో నీరు ఊరితే ఇంకా వేళ కాలేదు. పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్దగా అతుక్కుపోకుండా పొడిపొడిగా విడిపోతే కూర్చోవచ్చు. దారి మీద బురద ఉందని పక్కనున్న గడ్డి మీదుగా కొత్త బాట వేయడం కూడా ఇలాంటి నష్టమే. బూట్లు కడుక్కోవచ్చు, దారి మీదే నడవండి.

పెద్ద చెట్టు కింద కూర్చోవచ్చా? ఎప్పటి నుంచో ఉన్న చెట్టే.

వరద తగ్గాక రెండు వారాల పాటు, కొత్తగా ఒరిగిన చెట్టు కిందికి వెళ్లవద్దు. నానిన నేలలో వేరు పట్టు సడలుతుంది. గాలివానలో నిలిచిన చెట్టు, నాలుగు రోజుల తర్వాత గాలి లేని మధ్యాహ్నం కూలవచ్చు. మొదలు దగ్గర మట్టి ఒకవైపు పగిలి పైకి లేచినా, వేళ్లు కొత్తగా బయటపడినా దూరంగా ఉండండి. తురాయి కొమ్మలు పెళుసు, గాలికి ముందు విరిగేవి అవే. వేలాడుతున్న కొమ్మను లాగి సాయం చేయాలనుకోకండి.

పాములు నిజంగానే వస్తాయా, లేక ఊరికే భయపెడతారా?

నిజంగానే వస్తాయి. పుట్టల్లోకి, కన్నాల్లోకి నీరు చేరితే అవి ఎత్తయిన పొడి చోటు వెతుక్కుంటాయి. మనం వెతికేదీ అదే. సిమెంటు బల్ల కింద, ఘాట్ మెట్ల సందుల్లో, కొట్టుకొచ్చిన దుంగల మధ్య, గుర్రపుడెక్క కుప్పల్లో ఉంటాయి. నీళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే నీరుకట్టుకు విషం లేదు. తాచుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ విషపాములే, మన వైపు ఉన్నవే. కట్లపాము చీకటి పడ్డాక తిరుగుతుంది, కాటు వేసినా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. అందుకే వరద తర్వాత కొన్ని వారాలు సాయంత్రపు నడకను వెలుతురు ఉండగానే ముగించండి.

పాము కనబడితే నాలుగడుగులు వెనక్కి వేసి దారి ఇవ్వండి. కర్రతో పొడిచేవారే ఎక్కువగా కాటుకు గురవుతారు. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు మందు కోసం తిరగడం ఏవీ చేయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడిన చేతిని లేదా కాలిని కదలకుండా ఉంచి 108కు ఫోను చేయండి. విషానికి విరుగుడు మందు ఉండే పెద్ద ప్రభుత్వాసుపత్రికే తీసుకెళ్లండి. ఏ పామో చూపించాలని దాన్ని చంపి తెచ్చే ప్రయత్నంలో రెండో మనిషి కాటు తింటాడు.

దీపస్తంభాలు వెలుగుతున్నాయి కదా, కరెంటు భయం ఎందుకు?

వెలుగుతున్నాయి కాబట్టే భయం. భూమిలో వేసిన కేబుళ్ల అతుకుల్లోకి, స్తంభం అడుగున ఉండే పెట్టెలోకి నీరు చేరి ఉండవచ్చు. తడి నేల మీద నిలబడి ఇనుప స్తంభం మీద చేయి వేయకండి. ఫౌంటెన్ గోడ మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకుండా ముందు సరఫరా ఆపించండి.

ఘాట్ మెట్ల మీద కాళ్లు కడుక్కుని, నాలుగు చెంబులు పోసుకుని వస్తే చాలు. దానికీ అభ్యంతరమా?

ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా పెద్దవారు, భక్తితో అడుగుతారు. కాబట్టి విసుక్కోకుండా చెబుతాను. నీరు తీసిన మెట్ల మీద పల్చటి ఒండ్రు పొర, దాని కింద నాచు ఉంటాయి. చూడటానికి మెట్టు పొడిగా ఉంటుంది, పాదం పెట్టగానే జారుతుంది. నేను ఒకసారి మూడు మెట్లు కూర్చునే దిగాను, నెల రోజులు నడుం పట్టేసింది. పైగా కింది మెట్లు కోసుకుపోయి ఉంటే తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు.

దసరా చివరి రోజు హంస వాహనం మీద జరిగే అమ్మవారి తెప్పోత్సవాన్నే, వరద ఉధృతంగా ఉన్న ఏళ్లలో నదిలో తిప్పకుండా ఒడ్డునే జరిపారు. అమ్మవారే ఆగితే మనం ఆగడంలో అపచారం ఏముంది? పై మెట్టు మీద నిలబడి నమస్కరించి, ఇంట్లో స్నానం చేస్తూ కృష్ణమ్మను తలచుకోండి. ఘాట్ తెరిచాక కూడా గొలుసులు, బారికేడ్లు కట్టినంత మేరే దిగండి.

పిల్లలు ఊయల చూస్తే ఆగరు. ఎక్కించవచ్చా?

పెద్దవారు ముందు బరువు వేసి ఊపి చూడండి. పునాది కదిలితే స్తంభం మొదట్లో మట్టి పగులుతుంది. మడ్డి అంటిన జారుడుబల్లను సబ్బు నీటితో కడిగేదాకా ఆగండి. ఇసుక గుంతలో మాత్రం ఆడనివ్వకండి. మురుగు కలిసిన వరద నీరు ఇంకిన ఇసుకను కడగలేం, మార్చాల్సిందే.

పార్కు బయట బండి మీద పునుగులు తినవచ్చా?

బెజవాడలో ఈ ప్రశ్నకు వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. నూనెలోంచి తీసినవి తీసినట్టే వేడిగా తినండి. చట్నీ, తరిగిన ఉల్లిపాయ, గ్లాసులో ముంచి ఇచ్చే నీళ్లు మాత్రం కొన్నాళ్లు మానండి. పార్కు కుళాయి నీరు తాగవద్దు, సీసా ఇంటి నుంచి తెచ్చుకోండి.

ఒడ్డున మంచి దుంగ, గ్యాసు బండ కొట్టుకొచ్చి ఉన్నాయి. తీసుకుంటే తప్పా?

గ్యాసు బండ, రసాయనాల డ్రమ్ము, మూత బిగించిన డబ్బా ఏదైనా సరే ముట్టుకోకుండా 112కు చెప్పండి. దుంగ కింద ఏ జీవి ఉందో చూడకుండా చేయి పెట్టకండి. పడవ పలకలు, వలలు కనిపిస్తే అవి ఎవరిదో జీవనాధారం. వెతుక్కుంటూ వస్తారు, అక్కడే ఉంచండి.

వినాయకుణ్ణి ఎక్కడ నిమజ్జనం చేయాలి? ఘాట్ మూసేశారు.

2024లో పెద్ద వరద వచ్చిన వారంలోనే, సెప్టెంబరు 7న, చవితి వచ్చింది. ఇంటి మట్టి విగ్రహానికి బకెట్ నీళ్లు చాలు. కరిగాక ఆ నీటిని మొక్కలకు పోయండి. పార్కు రెయిలింగ్ మీదుగా పాత పూలదండలు, పటాలు విసరడం మానండి. అవి గుర్రపుడెక్కలో చిక్కుకుని ఒడ్డునే కుళ్లుతాయి.

## ఇంటికి వచ్చాక

కాలికి చిన్న గీత పడింది, రక్తం కూడా రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లాలా?

వెంటనే సబ్బుతో, పారే కుళాయి నీటితో బాగా కడగండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవాలో లేదో వైద్యుణ్ణి అడగండి. అంతకన్నా ముఖ్యం లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీరు, బురద నుంచి గీతల ద్వారా, నానిన చర్మం ద్వారా ఆ సూక్ష్మజీవి ఒంట్లోకి చేరుతుంది. రెండు రోజుల నుంచి నాలుగు వారాల లోపు ఎప్పుడైనా జ్వరం, తలనొప్పి, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం మొదలవవచ్చు. అప్పటికి పార్కు సంగతి మనం మరిచిపోతాం, డాక్టరు డెంగీ అనుకోవచ్చు. ‘ఫలానా రోజు వరద బురదలో నడిచాను’ అని మీరే చెప్పండి. ముందు జాగ్రత్త అంటూ సొంతంగా మాత్రలు వేసుకోకండి.

బురద బూట్లు ఇంట్లోకి తేవచ్చా?

గుమ్మం బయటే కడిగి ఎండలో పెట్టండి. ఆరిన బురదను దులిపితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగానే కడగండి.

## తర్వాతి వారాల్లో

మా కాలనీ పిల్లలతో పార్కు శుభ్రం చేయిద్దామనుకుంటున్నాం. ఎప్పుడు రావాలి?

మొదటి వారం వద్దు. తెగిన తీగలు, గాజు, చచ్చిన జంతువులను సిబ్బంది తొలగించాక, వారిని అడిగి రండి. పెద్దవారికి గట్టి చేతి తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు ఉండాలి. పిల్లలకు ప్లాస్టిక్ ఏరడం, మొక్కల ఆకుల మీది మడ్డిని నీళ్లతో కడగడం లాంటి పనులు ఇవ్వండి. రెండు గంటలు చాలు. ఫొటో కోసం బ్యానర్ పట్టుకుని, టిఫిన్ ప్లేట్లు అక్కడే పడేసి వెళ్లిన బృందాన్ని ఒకసారి చూశాను. ఆ ప్లేట్లు మర్నాడు మేమే ఏరాం.

ఒండ్రు మట్టి బలమైనది కదా, మేడ మీద కుండీలకు తీసుకెళ్లవచ్చా?

డెల్టా పొలాలకు ఆ పేరు తెచ్చింది ఒండ్రే, నిజమే. కానీ నగరం ఒడ్డున పేరుకునే దాంట్లో మురుగు కలుస్తుంది. ఆకుకూరలకు, పచ్చిగా తినేవాటికి అసలు వద్దు. పూల మొక్కలకైతే బాగా ఎండబెట్టి, సగానికి సగం వేరే మట్టి కలిపి వాడవచ్చు. అయినా పార్కు లోపలి మట్టిని సంచుల్లో తవ్వుకుపోతే చెట్ల వేళ్లు బయటపడతాయి.

కార్తీక వనభోజనాలు ఆ పార్కులోనే పెట్టుకోవాలని ఉంది. కుదురుతుందా?

అక్టోబరు మొదట్లో వరద వచ్చి ఉంటే కార్తీకం తొలి ఆదివారాలకు కాస్త తొందర. మాసం చివరి వారాలు ఎంచుకోండి, అప్పటికి నేల గట్టిపడుతుంది, జనమూ పలుచబడతారు. పొయ్యి గడ్డి మీద పెట్టకండి, వంట ఇంటి దగ్గరే చేసి తెచ్చుకోండి. ఉసిరి చెట్టు కింద కూర్చోవాలన్న పట్టింపు ఉంటే ముందు రోజే వెళ్లి చెట్టు మొదలు, నేల చూసి రండి. చెట్టు సరిగా లేకపోతే, కుండీలో ఉసిరి మొక్కను వెంట తెచ్చుకుని సిమెంటు చప్టా మీద పెట్టుకున్నా వనభోజనమే. మా బృందం పోయినసారి అలాగే చేసింది. ఆ మొక్క ఇప్పుడు నడుం ఎత్తు పెరిగింది, నేలలో నాటడానికి చోటు వెతుకుతున్నాం.